పక్క ఊరి జట్టు కావాలి: హైస్కూలు హెచ్ఎంలకు ఒక రిటైర్డ్ పీఈటీ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు నమస్కారం.

పోయినేడాది ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవానికి, ఒక హైస్కూలు వాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. వేదిక మీద హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ ఫొటో, దానికి బంతిపూల దండ, ముందు కొబ్బరికాయ. ఇద్దరు పిల్లలు ఉపన్యాసాలు అప్పజెప్పారు. ఇద్దరూ హిట్లర్ కథే చెప్పారు. సభ అయిపోయాక, టీ తాగుతూ, "స్కూల్లో హాకీ స్టిక్ ఒకటైనా ఉందా సార్?" అని అడిగాను. హెచ్ఎం గారు అటెండర్ని పంపారు. అతను బీరువా గది వైపు వెళ్తాడనుకున్నాను. వంటషెడ్డు వైపు వెళ్లి ఒకటి పట్టుకొచ్చాడు. మధ్యాహ్న భోజనం వేళకు దిగే కోతుల్ని తోలడానికి వాడుతున్నారట. గ్రిప్ ఎప్పుడో ఊడిపోయింది. వంపు దగ్గర చీలితే సుతిలి తాడు చుట్టారు. అయినా చేతిలోకి తీసుకుంటే బరువు సరిగ్గా కుదిరింది. మంచి కర్ర.

ఆ స్కూలును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నేను పనిచేసిన బళ్లలోనూ గేమ్స్ పీరియడ్ అంటే లెక్కల సారుకు దక్కే ఎక్స్‌ట్రా పీరియడే. పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్ మీ మీద ఎంత ఉంటుందో దగ్గర్నుంచి చూసినవాణ్ణి. అందుకే మిమ్మల్ని స్టేడియం అడగను, కోచ్‌ని అడగను. నేనడిగేది చిన్నది, లేఖ చివర్లో చెప్తాను. ముందు ఆ ఉపన్యాసాల సంగతి.

హిట్లర్ ధ్యాన్‌చంద్‌కి జర్మన్ సైన్యంలో ఉద్యోగం ఇస్తానన్నాడనీ, అయస్కాంతం ఉందేమోనని ఎవరో ఆయన స్టిక్ విరగ్గొట్టి చూశారనీ ఏటా చెప్పిస్తున్నాం. ఇవి నోటి మాటగా పెరిగిన కథలు, గట్టి ఆధారాలు లేవు. వాటి అవసరమూ లేదు, లెక్కలు చూస్తే చాలు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు 5 మ్యాచ్‌లాడి 29 గోల్స్ కొట్టారు. తిరిగి ఒక్కటీ పడనివ్వలేదు. ఆ 29లో 14 ధ్యాన్‌చంద్‌వే. 1932 లాస్ ఏంజెలిస్‌లో అమెరికాను 24-1తో ఓడించారు. ఇక్కడ పిల్లలకు ఒక నిజం కూడా చెప్పాలి: ఆ ఒలింపిక్స్ హాకీలో ఆడింది మూడే జట్లు. రెండు మ్యాచ్‌లూ ఓడిన అమెరికాకు కూడా కాంస్యం వచ్చింది! 1936 బెర్లిన్ ఫైనల్లో జర్మనీపై 8-1. అది జరిగింది ఆగస్టు 15న. అప్పటికి ఆ తేదీకి మనకు ఏ అర్థమూ లేదు. 1948లో మాత్రం ఉంది. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండడానికి మూడు రోజుల ముందు, లండన్ వెంబ్లీలో, బ్రిటన్‌నే 4-0తో ఓడించి బంగారు పతకం పట్టుకొచ్చారు.

ఇంకొకటి. మన జాతీయ క్రీడ హాకీ అని బిట్ పేపర్లలో రాయిస్తున్నాం. 2012లో ఒక బడిపిల్ల సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడా శాఖే జవాబిచ్చింది. ఆ బిట్ తీసేయండి. దాని బదులు 1928 జట్టు కెప్టెన్ ఎవరని అడగండి. జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి జార్ఖండ్‌లోని ఒక ఆదివాసీ పల్లెలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడిన మనిషి. సోషల్ పాఠంలోనూ పనికొస్తాడు.

ఈ ఆట మనకు ఇంగ్లీషువాళ్లు తెచ్చిందే. కలకత్తాలో 1885లో మొదటి క్లబ్ పెట్టారు. పదేళ్లకే, 1895లో, బైటన్ కప్ మొదలైంది. దేశానికి హాకీ సమాఖ్య వచ్చింది 1925లో. అంటే పెద్ద ఆఫీసు కంటే ముప్పై ఏళ్ల ముందే పోటీ ఉంది. కంటోన్మెంట్లో ఒక పటాలం ఇంకో పటాలంతో ఆడింది. రైల్వే కాలనీలో లోకో షెడ్డువాళ్లు, ట్రాఫిక్ వాళ్లు పంతం పట్టి ఆడుకున్నారు. వెధవ ఓటమి సోమవారం పొద్దున డ్యూటీలో కూడా వెంటాడుతుంది కాబట్టి ఆదివారం దాకా ప్రాక్టీసు చేశారు. ధ్యాన్‌చంద్ కూడా సైన్యంలో చేరాకే, రెజిమెంట్ ఆటల్లోంచే పైకొచ్చాడు.

తర్వాత ఏమైందో అందరూ ఒకే ముక్కలో చెప్పేస్తారు: టర్ఫ్ (కృత్రిమ గడ్డి) వచ్చింది, మనం పోయాం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడారు, మనం ఏడో స్థానానికి పడిపోయాం. నిజమే. అంతకు ముందు ఏడాదే కౌలాలంపూర్‌లో పచ్చిక మీద పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి వరల్డ్ కప్ గెలిచిన దేశం మనది. టర్ఫ్ మీద బంతి జారినట్టు పోతుంది, మణికట్టు పనితనం కంటే పరుగు ముందుంటుంది. దాన్ని పరచడానికి కోట్లు కావాలి, మ్యాచ్‌కి ముందు నీళ్లతో తడపాలి, పదేళ్లు తిరిగేసరికి మార్చాలి. కానీ తెల్లవాళ్లు మనల్ని ఓడించడానికే టర్ఫ్ తెచ్చారనే మాట నేను నమ్మను. మనలాగే మట్టి మీద నేర్చిన పాకిస్తాన్, అదే టర్ఫ్ మీద 1984లో ఒలింపిక్ స్వర్ణం, 1994లో వరల్డ్ కప్ గెలిచింది. టర్ఫ్ మన పై వరసను దెబ్బతీసింది. అడుగు వరసను, అంటే బడిని, దెబ్బతీసింది మనమే. టర్ఫ్ లేకపోతే హాకీ దండగ అని మనకు మనమే తీర్మానించుకుని స్టిక్కులు మూల పడేశాం. 2008 బీజింగ్‌కు అర్హత కూడా రాకపోతే పేపర్లలో సంతాపాలు రాసుకున్నాం.

మరి 2021లో టోక్యో కాంస్యం, 2024లో పారిస్ కాంస్యం ఎక్కడి నుంచి వచ్చాయి? ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలబడింది, భువనేశ్వర్‌లో, రూర్కెలాలో స్టేడియాలు కట్టింది. అవన్నీ చివరి మెట్లు. మొదటి మెట్టు ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో ఉంది. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య హాకీ పందేలు ఎప్పటి నుంచో జరుగుతున్నాయి. బహుమతి ఏమిటో తెలుసా? మేకపోతు. గెలిచిన జట్టు దాన్ని తోలుకుపోయి ఊరంతా కలిసి వండుకు తింటుంది. పిల్లలు వెదురు కర్రను వంచి స్టిక్ చేసుకుంటారు, ఎర్రమట్టి మీద ఆడతారు. అలాంటి పల్లెల నుంచి వచ్చినవాడే దిలీప్ టిర్కీ, దేశానికి కెప్టెన్ అయ్యాడు. కర్ణాటకలో కొడగు చూడండి. 1997లో కరడ అనే ఊళ్లో 60 కుటుంబాలు తమలో తాము హాకీ పోటీ పెట్టుకున్నాయి. 2024కి ఆ కుటుంబాలు 360 అయ్యాయి. అత్తగారింటి జట్టా, పుట్టింటి జట్టా అన్న పేచీ కూడా అక్కడ వస్తుందేమో, వినడానికే బాగుంటుంది.

ఈ రెండు చోట్లా పిల్లవాడికి కనిపించేది ఒలింపిక్ పతకం కాదు. పోయిన నెల తమని ఓడించి వెక్కిరించిన పక్క ఊరివాడు. వాడి మొహం చూడ్డానికి వీడు పొద్దున్నే లేస్తాడు. మన కబడ్డీ, వాలీబాల్ బతికున్నది కూడా అందుకే కదా. సంక్రాంతికి పక్క ఊరితో వాలీబాల్ ఓడిపోతే మనవాళ్లు ఏడాదంతా మరిచిపోరు.

మన దగ్గర హాకీ వ్యవహారం తలకిందులైంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో హాకీ స్టేడియం ఉంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ అక్కడే జరిగింది, హైదరాబాద్ సుల్తాన్స్ జట్టే గెలిచింది. 2024-25 హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ పేరుతో జట్టు ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ చేతిలో 4-3తో ఓడింది. కానీ ఆ సీజన్లో మ్యాచ్‌లన్నీ వేరే ఊళ్లలోనే. హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఆడలేదు. మన ఊరి పేరు ఫ్లెక్సీ మీద ఉంది, పిల్లలు టీవీలో చూశారు. అంతే.

మనవాళ్లకు చేతకాక కాదు. హైదరాబాద్ నుంచి ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు, 1992, 1996, 2000. ఉమ్మడి చిత్తూరు జిల్లా యర్రావారిపాళెం మండలంలోని పల్లె నుంచి వచ్చిన ఏటిమరపు రజని భారత జట్టు గోల్‌కీపర్ అయింది, టోక్యోకు వెళ్లిన బృందంలో ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ మహిళల వరల్డ్ కప్‌లో మన జట్టు కెప్టెన్ ఆమే, రజతం వచ్చింది. హాకీ ఫైవ్స్ అంటే జట్టుకు ఐదుగురు, చిన్న మైదానం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందికి పనికొస్తుంది. కాకినాడలో 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలే జరిగాయి. మీలో ఆ జిల్లావాళ్లు ఎందరు పిల్లల్ని తీసుకెళ్లి చూపించారో మీకే తెలియాలి.

ఇక ఆట వల్ల పిల్లలకేమిటి లాభం అని మీరు అడుగుతారు. ఆరోగ్యం, క్రమశిక్షణ, టీమ్ స్పిరిట్ అని నేను జాబితా చదవను, అవి ఏ ఆటకైనా చెప్పే మాటలే. నేను నా కళ్లతో చూసినవి చెప్తాను.

గేమ్స్ పీరియడ్ నలభై నిమిషాలు. ముప్పై మంది పిల్లలకు క్రికెట్ బ్యాటు ఇవ్వండి. వికెట్లు పాతేసరికి పది నిమిషాలు పోతుంది. నలుగురైదుగురు బ్యాటింగ్ చేస్తారు, ఇద్దరు బౌలింగ్ చేస్తారు, మిగతావాళ్లు వేపచెట్టు కింద కబుర్లు. బలంగా ఉన్నవాడే రోజూ బ్యాటు పట్టుకుంటాడు. అదే హాకీలో ఎన్నిసార్లయినా ఆటగాణ్ణి మార్చుకోవచ్చు, అంపైర్ పర్మిషన్ కూడా అక్కర్లేదు. ఒకడు ఆయాసపడి బయటికొస్తే ఇంకొకడు లోపలికి పోతాడు. అంతర్జాతీయ మ్యాచ్‌లే ఇప్పుడు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. మనం ఐదేసి నిమిషాలు చేసుకుంటే, లావుగా ఉన్న పిల్లవాడు, ఉబ్బసం పిల్లవాడు కూడా తన ఓపిక మేరకు ఆడి బయటికొస్తాడు. పీఈటీగా నాకు హాకీ నచ్చడానికి అసలు కారణం ఇదే. అందరికీ వాటా ఉంది.

రెండోది ఆ వంగడం. మోకాళ్లు మడిచి, నడుము తగ్గించి, తల మాత్రం ఎత్తి పరిగెత్తాలి. బంతి స్టిక్ దగ్గర, కళ్లు ఎదుటివాడి మీద. మొదటి వారం తొడలు పట్టేసి పిల్లలు మెట్లెక్కలేరు, ఇంట్లోవాళ్లు నన్ను తిట్టేవాళ్లు. నెల తిరిగేసరికి అవే కాళ్లకు ఎక్కడలేని బలం వస్తుంది. ఆగి, మళ్లీ ఉరికి, మళ్లీ ఆగే పరుగు కాబట్టి కబడ్డీ పిల్లలకు కూడా పనికొచ్చింది. మా కబడ్డీ జట్టుకు నేను వారానికి రెండ్రోజులు హాకీ ఆడించేవాణ్ణి.

మూడోది చెప్పాలంటే ఒక పాప గురించి చెప్పాలి. ఏడో తరగతి, ఎడమచేతి వాటం. ఇంట్లో ఎడమచేత్తో తినొద్దని చేతి మీద కొట్టేవాళ్లు, బళ్లో పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు. హాకీలో ఎడమచేతి వాటం స్టిక్ అంటూ లేదు. స్టిక్ ఎడమ పక్కే చదునుగా ఉంటుంది, ఆ పక్కతోనే బంతి తాకాలి, గుండ్రటి పక్క తగిలితే విజిల్. అందుకని బంతికి కుడివైపు ఒకసారి, స్టిక్ తిప్పి ఎడమవైపు ఒకసారి తడుతూ తీసుకుపోవాలి. ఆ తిప్పే పని చేసేది పైన పట్టుకున్న ఎడమచెయ్యి. కింద కుడిచెయ్యి వదులుగా గొట్టంలా ఉంటుంది, దాని లోపల స్టిక్ తిరుగుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం ఇటోసారి అటోసారి తిరుగుతుంది చూడండి, అలా. కుడిచేతివాటం పిల్లలకు ఆ ఎడమ మణికట్టు వారం పది రోజులు మాట వినదు. ఈ పాపకు రెండో రోజే తిరిగింది. గ్రౌండ్ అంచున నేను వరసగా పెట్టిన ఇటుకల మధ్య నుంచి బంతిని పాములా తీసుకుపోయి, చివరి ఇటుక దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఎవరైనా చూశారా అని. అందరూ చూశారు. ఆ రోజు నుంచి ఎగతాళి ఆగింది. ఇప్పుడు బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు నడుపుతోంది. జాతీయ జట్టుకు ఆడలేదు, ఉద్యోగం రాలేదు. కాబట్టి తల్లిదండ్రుల మీటింగ్‌లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల ఆశ చూపించకండి. వస్తే మంచిదే, నూటికి తొంభై మందికి రాదు.

ఇప్పుడు ఎలా చేయాలో. నియమం ప్రకారం మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. మర్చిపోండి. మీ గ్రౌండ్‌లో సగం చాలు. ఫైవ్స్ పద్ధతిలో జట్టుకు ఐదుగురో ఏడుగురో. గోల్‌కీపర్ సామాను ఖరీదెక్కువ, అది లేకుండా కీపర్ని నిలబెట్టడం నేరం. అందుకని మొదటి ఏడాది కీపరే వద్దు. మీటరు వెడల్పున రెండు సరుగుడు కర్రలు పాతితే అదే గోల్. తొలకరి వాన పడ్డ మర్నాడు పిల్లలూ పీఈటీ కలిసి కంకరరాళ్లు ఏరి, ఊళ్లో రోడ్డు పనికొచ్చిన రోలరు డ్రైవర్ని బతిమాలి ఒక రౌండు వేయించుకోండి. నేను రెండుసార్లు అలాగే చేశాను. ఒక టీ, ఒక సమోసా ఖర్చు.

స్టిక్కులు జలంధర్‌లో తయారవుతాయి. పాత రకం చెక్క స్టిక్ మల్బరీ చెక్కతో చేస్తారు, మన హిందూపురం వైపు పట్టుపురుగులకు ఆకు వేసే మల్బరీ జాతే. కార్బన్ ఫైబర్ స్టిక్ వేలల్లో ఉంటుంది, దాని జోలికి పోవద్దు, చెక్కది వందల్లో వస్తుంది. సమగ్ర శిక్ష పథకం కింద ఉన్నత పాఠశాలకు ఏటా రూ.25,000 దాకా క్రీడా గ్రాంటు ఉంటుంది. అది ఏటా క్యారమ్ బోర్డులకూ స్కిప్పింగ్ తాళ్లకూ పోతోందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్క ఏడాది పదిహేను స్టిక్కులు, పది బంతులు కొనండి.

దెబ్బల సంగతి దాచను. హాకీ బంతి 160 గ్రాముల గట్టి ముద్ద. ఒకసారి నా గ్రౌండ్లోనే ఒక పిల్లవాడి పెదవి చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. తప్పు నాదే. గతుకుల నేల మీద స్టిక్ ఊపి కొట్టనిచ్చాను, బంతి రాయి తగిలి లేచింది. వాళ్ల నాన్న మరునాడు పొలం నుంచి నేరుగా హెచ్ఎం గదికే వచ్చాడు. అప్పటి నుంచి నా గ్రౌండ్లో కొట్టడం లేదు, నెట్టడమే. స్టిక్ మోకాలి పైకి లేస్తే విజిల్. పిల్లలందరూ మేజోళ్లలో పాత నోటుబుక్కుల అట్టలు దోపుకోవాలి, ముంగాళ్లకు అదే కవచం. ఆ తర్వాత చిన్న గీతలు తప్ప ఏమీ కాలేదు.

ఇవన్నీ చేసినా ఒక ఏడాదిలో ఆగిపోతుంది. నా సర్వీసులో మూడు బళ్లలో హాకీ మొదలుపెట్టాను, మూడు చోట్లా ఆగిపోయింది. ఎందుకో చాలా ఆలస్యంగా తెలిసింది. మా పిల్లలు మా పిల్లలతోనే ఆడారు. మండలంలో రెండో జట్టు లేదు. స్కూల్ గేమ్స్ పోటీలకు పేరిస్తే ఎదురు లేదు కాబట్టి నేరుగా జిల్లాకు పంపేవాళ్లు. అక్కడ మొదటి మ్యాచ్‌లోనే పది గోల్స్ తిని తిరుగు బస్సెక్కేవాళ్లం. ఆ బస్సులో పిల్లలు మాట్లాడేవాళ్లు కాదు. ఆ మర్నాటి నుంచి ఒక్కొక్కరే గ్రౌండుకు రావడం మానేసేవాళ్లు. నేను వాళ్లను మందలించాను, అదొక్కటి ఇప్పటికీ బాధ. ఎదుటి జట్టు లేని ఆటను పిల్లలు ఎందుకు ఆడతారు?

అందుకని నా విన్నపం ఇది. ఒక్కరే మొదలుపెట్టకండి. సైకిల్ మీద వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఇంకో హైస్కూలు హెచ్ఎంకు ఫోన్ చేయండి. స్టిక్కులు చెరో సగం కొనండి, మ్యాచ్ రోజున కలుపుకోండి. నెలకు రెండు శనివారాలు, ఒకసారి వాళ్ల గ్రౌండు, ఒకసారి మీది. అమ్మాయిల మ్యాచ్ ముందు పెట్టండి. తర్వాత పెడితే చీకటి పడుతుందని రద్దు చేస్తారు, ఎప్పుడూ జరిగేదదే. స్కోరు మర్నాడు ప్రార్థనలో చదివించండి, ఓడినప్పుడు కూడా. మేకపోతు మనం ఇవ్వలేం గానీ, ఓడిన బడి వాళ్లు గెలిచిన బడికి పులిహోర పెట్టాలని ఒప్పందం చేసుకోండి. మూడో నెలకు మీరు చెప్పక్కర్లేకుండానే పిల్లలు ఆదివారం గ్రౌండుకు వస్తారు. అప్పటికీ రాకపోతే నాకు కబురు పెట్టండి, నా పొరపాటు ఒప్పుకుని మీ స్కూల్లో ఒక నెల ఉచితంగా నీతి బోధ క్లాసులు తీసుకుంటాను. పిల్లలకు అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఆ కోతుల స్టిక్ ఉన్న స్కూలు హెచ్ఎం గారికి ప్రత్యేకంగా: సార్, మీకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఇంకో హైస్కూలుంది, మధ్యలో చెరువు కట్ట మీద దారి బాగానే ఉంది, నేను బండి మీద వెళ్లి చూసొచ్చాను. అక్కడి మేడమ్ గారు సరేనన్నారు. వంటషెడ్డు వాళ్లకు నేనొక వెదురు కర్ర తెచ్చిస్తాను. ఆ స్టిక్ నాకివ్వండి, చీలిన చోట ఫెవికాల్ పెట్టి, కొత్త గ్రిప్ చుట్టి శనివారానికల్లా తీసుకొస్తాను.

ఇట్లు,
విజిల్ ఇంకా జేబులోనే పెట్టుకు తిరిగే ఒక రిటైర్డ్ పీఈటీ